మహారాజశ్రీ డిజిటల్ రేడియో గారికి

అయ్యా,

ఒక గోదావరి లంక రైతు సవినయంగా వ్రాసుకొంటున్న విన్నపం. నిన్న అమలాపురంలో తమరి మహిమను గూర్చి జరిగిన సదస్సుకు రేవు దాటి, ఆటో మారి మరీ హాజరయ్యాను. మధ్యాహ్నమంతా తమరిని కీర్తించిన వక్తలు, చివరికి "త్వరలో" అన్న హామీ ఇచ్చి, చల్లారిన సమోసాలు పంచి సెలవు తీసుకున్నారు. కిందటేడు కూడా ఇదే హామీ. సమోసా మాత్రం అప్పుడు వేడిగా ఉండేది.

తమరి ఘనతను నేను కాదనను. ఎఫ్‌ఎంలో ప్రతి స్టేషనూ తన ట్రాన్స్‌మిటర్‌ను తానే నిలబెట్టుకోవాలి. తమరి రూపాల్లో ఒకటైన డీఏబీ ప్లస్ అనే డిజిటల్ పద్ధతిలోనైతే చిన్న ట్రాన్స్‌మిటర్ ఒక్కటే డజను స్టేషన్లను మోయగలదు, ఖర్చును అందరూ పంచుకోవచ్చు. బ్రిటన్‌లో ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ 2015లో 10 చోట్ల దీన్ని పరీక్షించి, 2020లో లైసెన్సులకు దరఖాస్తులు పిలిచింది. మన దేశంలో మాత్రం తమరు డీఆర్‌ఎం అనే మరో డిజిటల్ పద్ధతిగా అవతారమెత్తి, ఆకాశవాణి మీడియం వేవ్ మీదుగా కొత్త కార్లలో స్థిరపడ్డారు. మా రేవులో ఉన్నవి పడవలండీ.

2022 జులైలో ధవళేశ్వరం వద్ద గోదావరి 17.75 అడుగుల మూడో హెచ్చరికను దాటిన రాత్రి, కరెంటు పోయి, సెల్ టవర్ మూగబోగా, రబ్బరు బ్యాండుతో బిగించిన ట్రాన్సిస్టర్‌ను చెవికి ఆనించుకొని కూర్చున్నాం. నగరపు ఎఫ్‌ఎం యాంకరమ్మ "ఈ వానలో మిరపకాయ బజ్జీలు ఎవరితో తింటారు?" అని అడిగి, మంచి జవాబుకు సినిమా టిక్కెట్లు ప్రకటించింది. ఏ కాజ్‌వే మునిగింది, ఏ రేవులో పడవ ఆపేశారు, పశువులను ఏ గట్టు మీదికి తోలాలి అన్న మూడు ముక్కలు చెప్పే గొంతు లేదు. అంత దూరపు స్టేషనుకు మా గట్ల పేర్లు తెలియాలనడం కూడా అన్యాయమే. కమ్యూనిటీ రేడియో ఉంది గదా అంటారు, పి.గన్నవరానికి ఒకటి, ముమ్మిడివరానికి ఒకటి, ఐ.పోలవరానికి ఒకటి చొప్పున టవర్లు ఎత్తే డబ్బు ఎవరి దగ్గరుంది? ఒకే ట్రాన్స్‌మిటర్ మీద అందరూ సర్దుకోగలిగే తమరి పద్ధతి సరిగ్గా మాలాంటి వాళ్ల కోసమే పుట్టింది, కానీ మా దగ్గరికే రాదు.

పైగా తమరి రిసీవర్ మా సంతలో దొరకదు. సిగ్నల్ సన్నగిల్లితే ఎఫ్‌ఎం గరగరలాడుతూనైనా పలుకుతుంది, తమరు ఉన్నట్టుండి నోరు మూసుకుంటారట. ఆ విషయం సదస్సులో ఎవరూ ఎత్తలేదు.

ఇక మర్యాదలు చాలు. వచ్చేదుంటే చవక రిసీవర్లు వెంటబెట్టుకొని వరదకు ముందే రండి. రాకపోతే రామని ఒక్క కార్డు ముక్క వ్రాసి పడెయ్యండి, మా ఏర్పాట్లేవో మేం చూసుకుంటాం.

ఇట్లు,
ఒక లంక రైతు