మురుగులో కొట్టుకుపోతున్న ఎరువు

1669లో హాంబర్గ్ నగరంలో హెన్నిగ్ బ్రాండ్ అనే రసవాది బంగారం మీద ఆశతో మూత్రాన్ని మరిగించి మరిగించి, చివరికి చీకట్లో మెరిసే భాస్వరాన్ని కనుగొన్నాడు. మూడున్నర శతాబ్దాల తరువాత కూడా పంటలకు ఎరువయ్యే ఆ భాస్వరాన్ని మురుగులో వదిలేసి, దాని కోసమే గనులు తవ్వుతున్నాం. ప్రపంచంలో భాస్వరం దొరికే ఫాస్ఫేట్ శిల నిల్వల్లో దాదాపు 70 శాతం మొరాకో, పశ్చిమ సహారా ప్రాంతాల్లోనే ఉన్నాయి.

నత్రజని సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చడానికి ప్రపంచం వాడే శక్తిలో ఒకటి, రెండు శాతం ఖర్చవుతోంది. అది ఎరువై, పంటై, ఆహారమై మురుగులోకి చేరాక, శుద్ధి కేంద్రాలు మళ్లీ విద్యుత్తు ఖర్చుపెట్టి దాన్ని గాలిలోకే సాగనంపుతున్నాయి. ఆ క్రమంలో కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా తప్పించుకుంటుంది. భూతాపాన్ని పెంచడంలో అది కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 270 రెట్లు తీవ్రమైనది.

నీటికి తడవని సన్నని పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ పొరతో ఈ నష్టాన్ని చాలావరకు ఆపవచ్చు. పొరకు ఒకవైపు మురుగునీరు, మరోవైపు సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంటాయి. నీటి పీహెచ్, అంటే క్షారగుణాన్ని చూపే కొలత, 9.3 దాటితే, అందులో నత్రజని ఉండే రూపమైన అమ్మోనియంలో సగానికి పైగా అమ్మోనియా వాయువుగా మారుతుంది. పొర రంధ్రాల్లోంచి నీరు రాదు, వాయువు వస్తుంది. ఆమ్లం దాన్ని పట్టుకుంటే అమ్మోనియం సల్ఫేట్ తయారవుతుంది. అది నేరుగా పొలంలో వేసే ఎరువు. లోహాలు, సూక్ష్మక్రిములు ఇవతలే ఆగిపోతాయి. భాస్వరం మాత్రం వాయువు కాదు కాబట్టి ఈ దారిన రాదు. దాన్ని మెగ్నీషియం కలిపి స్ట్రువైట్ అనే స్ఫటికాలుగా విడిగా రాబట్టాలి.

అయితే పొర ఎంత మంచిదైనా, దాన్ని ఎక్కడ అమర్చామన్నదే అసలు విషయం. శుద్ధి కేంద్రంలోని ప్రధాన మురుగు ప్రవాహంలో అమ్మోనియా లీటరుకు కొన్ని పదుల మిల్లీగ్రాములే. అంత పలుచని నీటి పీహెచ్‌ను పెంచడానికయ్యే క్షారం ఖర్చుతోనే లాభం ఆవిరైపోతుంది. శుద్ధిలో మిగిలే బురదను గాలి తగలకుండా కుళ్లబెట్టి పిండితే వచ్చే నీటిలో అమ్మోనియా వెయ్యి మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. పరిమాణంలో అది మొత్తం ప్రవాహంలో ఒక శాతం దరిదాపుల్లోనే అయినా, నత్రజనిలో 15 నుంచి 20 శాతం దానిలోనే తిరుగుతుంది. మూత్రం మరీ గాఢమైనది. ఇంటి మురుగులో దాని వాటా ఒక శాతమే, నత్రజనిలో మాత్రం 80 శాతం దాకా. అందుకే కలవక ముందే వేరు చేయడం తెలివైన పని అని నా నమ్మకం. అన్నీ కలిపేశాక వడకట్టుకోవడం ఖరీదైన అలవాటు.

పొరలు పూడుకుపోతాయన్న అభ్యంతరం నిజమే. సున్నపు పెచ్చులు కడతాయి, సూక్ష్మజీవుల జిగట పొర పేరుకుంటుంది, సబ్బు పదార్థాలు చేరితే రంధ్రాలు తడిసి నీరు కారుతుంది. ముందస్తు వడపోతకు, శుభ్రతకు, మార్పిడికి డబ్బు కావాలి. ఆ ఖర్చు దాచి ఈ పద్ధతిని పొగిడితే నమ్మకమే పోతుంది.

కానీ ఇవతలి లెక్క కూడా చూడాలి. శుద్ధి చేసిన నీటిలో ఎంత నత్రజని మిగిలిందని మాత్రమే నిబంధనలు అడిగితే, మిగతాది గాలిలో కలిసినా పొలానికి చేరినా శుద్ధి కేంద్రానికి ఒకటే. భాస్వరం విషయంలో జర్మనీ ఆ ప్రశ్న మార్చింది. 2017 నాటి నిబంధనల ప్రకారం 2029 నుంచి పెద్ద శుద్ధి కేంద్రాలు బురదలోని భాస్వరాన్ని తిరిగి రాబట్టాలి. నత్రజనికీ అలాంటి గడువు పెట్టి, బురద పిండిన నీటితోనే మొదలుపెట్టాలి.