“ఆటిజం పిల్లలు అంతేనమ్మా” అనే మాట మీద నా కోపం

రాత్రి విజయవాడ పటమట నుంచి ఒకావిడ మెసేజ్ పెట్టింది. వాళ్ళ పాపకి రెండేళ్ళు. ఉప్పు డబ్బా కనపడితే చాలు, వేలు ముంచి నాకుతుందట. “ఉప్పు ఎక్కువ తినే పిల్లలకి ఆటిజం ఉంటుందని ఎక్కడో చదివానక్కా, నిద్ర పట్టట్లేదు” అని రాసింది. ఆవిడకి జవాబు రాస్తూ కూర్చుంటే రెండేళ్ళుగా కడుపులో దాచుకున్నదంతా పైకొచ్చింది. అందుకే అందరికీ కనపడేలా ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆవిడ భయం సంగతి. ఉప్పు నాకినంత మాత్రాన ఆటిజం అనుకోవక్కర్లేదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తోందా, కావాల్సింది వేలితో చూపిస్తోందా, మనం నవ్వితే నవ్వుతోందా, వచ్చిన మాటలు మళ్ళీ పోయాయా, ఇవీ చూసుకోవాల్సినవి. వీటిలో అనుమానం ఉంటే పిల్లల డాక్టరుకి చూపించాలి. ఆటిజం ఉందో లేదో తేల్చడానికి డాక్టర్లు వాడే ప్రమాణాల్లో ఉప్పు ఊసే లేదు. 2013లో వచ్చిన డీఎస్ఎం-5లో, అంటే మానసిక వైద్యులు జబ్బుల్ని గుర్తించడానికి వాడే అమెరికా పుస్తకంలో, ఇంద్రియాల తేడాని మాత్రం చేర్చారు. చప్పుడు, వెలుతురు, స్పర్శ లాంటివి ఆటిజం ఉన్నవాళ్ళలో కొందరికి భరించలేనంతగా, కొందరికి తెలిసీ తెలియనట్టుగా ఉంటాయి. నాలుకదీ అదే కథ. చప్పగా ఉన్నది అసలు తగలదు కొందరికి. ఇంకొందరికి కూరలో ఒక్క ఆవగింజ తగిలినా కంచం నేల మీదే. 1943లో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు 11 మంది ఆటిజం పిల్లల మీద రాసిన మొదటి వ్యాసంలోనే తిండి ఇబ్బందుల మాట ఉంది. అందులోంచి “ఆటిజం అంటే ఉప్పు పిచ్చి” అని తీయడం మాత్రం తప్పు.

ఇక మా వాడి సంగతి. తొమ్మిదేళ్ళు. మాటలు చాలా తక్కువ. మా ఇల్లు గుంటూరు బ్రాడీపేటలో. రెండేళ్ళ కిందట మే నెలలో మా అత్తయ్యగారు ఆవకాయకి కల్లుప్పు మేడ మీద దుప్పటి పరిచి ఎండబోశారు. వీడు వెళ్ళి ఆ దుప్పటి అంచున గొంతుకు కూర్చున్నాడు. గుప్పెళ్ళతో తినలేదు. ఒక పెద్ద గల్లు ఏరుకున్నాడు, ఎండకేసి పట్టి చూశాడు, నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. కాసేపయ్యాక పటుక్కున కొరికాడు. ఆ చప్పుడు నాకు మెట్ల దగ్గరికి వినపడింది. మళ్ళీ ఇంకో గల్లు. అంత నెమ్మదిగా, అంత శ్రద్ధగా వాడు ఇంకేదీ తినగా నేను చూడలేదు.

అక్కడితో ఆగుంటే నేనూ పట్టించుకునేదాన్ని కాదు. వారం తిరక్కుండా మాగాయ జాడీలో ఊరిన ఊట గ్లాసులో వంపుకుని తాగేశాడు. ఊరమిరపకాయల మీద అంటుకున్న ఉప్పంతా నాకేసి కాయలు పక్కన పెట్టేవాడు. అత్తయ్యగారు దిష్టి తీద్దామని గుప్పిట్లో ఉప్పు పట్టుకుంటే ఆ గుప్పిట విప్పబోయేవాడు. డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. ఆయన ఫైలు మీద ‘ఆటిజం’ అన్న మాట చూసి, “ఆటిజం పిల్లలు అంతేనమ్మా, సెన్సరీ” అన్నారు, అంటే ఇంద్రియాల తేడా అని. రెండు నిమిషాలు. చెయ్యి పట్టుకు చూడలేదు, బీపీ చూడలేదు. అదే మామూలు పిల్లాణ్ణి తీసుకెళ్ళి ఊట తాగుతున్నాడని చెప్పి ఉంటే ఏదో ఒక పరీక్ష రాసేవారు కదా! నా కోపమంతా అక్కడే.

ఇంటికొస్తే తల్లుల వాట్సాప్ గ్రూపులో ఇంకో సలహా సిద్ధంగా ఉంది. ఉప్పు పూర్తిగా మానిపిస్తే ఆటిజం తగ్గుతుందట, విదేశాల్లో రుజువైందట. నమ్మాను. పదకొండు రోజులు వాడికి చప్పిడి తిండి పెట్టాను. అసలే పెరుగన్నం, జంతికలు తప్ప ముట్టని పిల్లాడు, ఆ రెండూ మానేశాడు. రెండో వారానికి స్కూలు నుంచి రాగానే గోడకి ఆనుకుని పడుకునేవాడు. ఆ పదకొండు రోజుల గురించి తలుచుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

ఆ పుకారుకి మూలం ఏమిటో తర్వాత చదివి తెలుసుకున్నాను. మెదడు కణాల్లో క్లోరైడ్ (ఉప్పులో ఉండేదే) ఎక్కువగా ఉండటం ఆటిజంలో ఒక కారణం కావచ్చని కొందరు శాస్త్రవేత్తలు అనుకున్నారు. ఆ క్లోరైడ్‌ని తగ్గిస్తుందని బ్యూమెటనైడ్ అనే మందు ప్రయత్నించారు. ఇది ఒంట్లో నీరు తీయడానికి వాడే పాత మందే. 2012లో ఫ్రాన్స్‌లో 60 మంది పిల్లల మీద జరిగిన చిన్న అధ్యయనం ఆశ పుట్టించింది. తర్వాత 400 మందికి పైగా పిల్లలతో రెండు పెద్ద ట్రయల్స్ పెట్టారు. ఉత్తుత్తి మందు కంటే ఎక్కువ గుణమేమీ కనపడక 2021లో మధ్యలోనే ఆపేశారు. పైగా కణంలో క్లోరైడ్ ఎంత ఉండాలో చూసుకునేది కణం గోడలో ఉండే ప్రొటీన్లు. మన పప్పులో ఉప్పు తగ్గిస్తే అది మారదు. ‘ఉప్పులో క్లోరైడ్ ఉంది కదా’ అన్న ఒక్క ముక్క పట్టుకుని పిల్లల నోరు కట్టేస్తున్నారు.

ఇంకో కథ చెప్పాలి. ఇది ఆటిజం కథ కాదు, 1940లో అమెరికా వైద్య పత్రికలో విల్కిన్స్, రిక్టర్ అనే ఇద్దరు రాసినది. మూడున్నరేళ్ళ పిల్లాడు. బిస్కెట్ల మీది ఉప్పు నాకేవాడు, ఉప్పు డబ్బా వదిలేవాడు కాదు. వాడు నేర్చుకున్న మొదటి మాటల్లో ‘ఉప్పు’ ఒకటి. వేరే కారణంతో బాల్టిమోర్‌లో ఆసుపత్రిలో చేర్చి అందరికీ పెట్టే భోజనమే పెట్టారు. వారంలో చనిపోయాడు. కిడ్నీల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు పనిచేయక ఒంట్లో ఉప్పంతా మూత్రంలో పోతోంది. ఇంట్లో అలా ఉప్పు తినే వాడు అన్నాళ్ళూ ప్రాణం నిలబెట్టుకున్నాడు. ఈ కథ చదివిన రాత్రి నేను లేచి వెళ్ళి మా వాడి పక్కన కూర్చున్నాను. మాటలొచ్చిన ఆ పిల్లాడు అడిగితేనే పెద్దవాళ్ళకి అర్థం కాలేదు. మాటలు రాని మా వాడు చేత్తో అడిగితే “సెన్సరీ” అనేశాం.

ఆ తర్వాత ఇంకో డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ చిగుళ్ళు చూసింది, వేళ్ళ కణుపులు చూసింది, పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూసింది. అడ్రినల్ జబ్బులో చర్మం, చిగుళ్ళు నల్లబడతాయట. మన గుంటూరు ఎండల్లో పిల్లాడు నల్లబడితే “ఎండకి తిరిగాడు” అంటాం తప్ప ఇంకేం అనుమానిస్తాం? బరువు తగ్గడం, వాంతులు, నీరసం కూడా తోడైతే అసలు ఆలస్యం చేయకూడదని చెప్పింది. సోడియం, పొటాషియం, షుగర్ అన్నీ చేయించింది. అవి బాగానే ఉన్నాయి. హిమోగ్లోబిన్ మాత్రం 8.6, బాగా తక్కువ. ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెర్రిటిన్ అయితే అడుగంటింది.

ఇనుము తగ్గితే మట్టి, ఐసు, పచ్చి బియ్యం తినాలనిపించడం మనకి తెలిసిందే. కొందరికి ఉప్పు మీదకీ పోతుందట. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్ళలోపు పిల్లల్లో రక్తహీనత 67.1 శాతం. ఇక నాలుగు రకాలు తప్ప తినని పిల్లల సంగతి వేరే చెప్పాలా? మా వాడు గోంగూర ముట్టడు, గుడ్డు ముట్టడు. ఆటిజానికీ ఉప్పుకీ మా ఇంట్లో కనపడ్డ సంబంధం ఇదే: ఆటిజం తిండిని తగ్గించింది, తిండి ఇనుముని తగ్గించింది, ఆ తర్వాత చెయ్యి ఊట జాడీ దాకా వెళ్ళింది.

ఐరన్ సిరప్ మొదలుపెట్టిన మూడో నెలకి ఊట తాగడం ఆగిపోయింది. గల్లు చప్పరించడం ఆగలేదు. అది వాడి ఇష్టం అనుకుంటున్నాను, ఆ పటుక్కుమనే చప్పుడు వాడికి బాగుంటుంది. అలాగని వదిలేయలేను. పెద్దవాళ్ళకే రోజుకి 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట, అంటే చెంచాడు. పిల్లలకి ఇంకా తక్కువ. ఉప్పు ఒకేసారి ఎక్కువగా లోపలికి పోతే ప్రాణం మీదకి వస్తుంది కూడా. అందుకని జాడీలు అటక మీదకి చేరాయి. రోజుకి రెండు గల్లులు చిన్న గిన్నెలో పెట్టి ఇస్తాను, ఆ రోజు కూరలో ఉప్పు తగ్గిస్తాను.

పటమట చెల్లాయికి రాత్రే రాశాను. ఆటిజం భయం పక్కన పెట్టమ్మా, ముందు పాపకి హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్ చేయించు, బీపీ చూడమని అడుగు, చూడకపోతే ఇంకొకళ్ళ దగ్గరికి వెళ్ళు అని. సోమవారం వెళ్తానంది.