డబ్బు మనది, ఓటు వాళ్లది

ఐపీఓకి, అంటే కంపెనీ తొలిసారి జనానికి అమ్మే షేర్లకి, అప్లై చేయడం ఇప్పుడు మిర్యాలగూడలోనూ జడ్చర్లలోనూ మామూలైపోయింది. వడ్ల డబ్బులో కొంత, ప్లాటు అమ్మిన సొమ్ములో కొంత షేర్లు దాచుకునే డీమ్యాట్ ఖాతాల్లోకి పోతోంది. లిస్టింగ్ రోజు ఎంత మిగులుతుందని అడిగేవాళ్లే గానీ, ఆ షేరుకి ఎన్ని ఓట్లని అడిగేవాళ్లు కనబడరు. అడగాలి.

వంద షేర్ల కంపెనీ అనుకోండి. వ్యవస్థాపకుడివి పదే, కానీ ఒక్కోదానికి పది ఓట్లు. మిగతా తొంభై జనానివి, షేరుకి ఒక్క ఓటు. ఆయనకి 100 ఓట్లు, జనానికి 90. తన జీతం, తన డైరెక్టర్లు అన్నీ తానే తేల్చుకుంటాడు, నష్టమొస్తే మాత్రం పదింట తొమ్మిది వంతులు మన నెత్తినే. ఫేస్‌బుక్ నడిపే మెటాలో జుకర్‌బర్గ్ వాటా 13 శాతం దగ్గర, ఓట్లు 60 శాతం దగ్గర. 2017లో స్నాప్‌చాట్ కంపెనీ స్నాప్ జనానికి అమ్మిన షేర్లకైతే అసలు ఓటే లేదు.

మార్కెట్ ఒత్తిడికి లొంగకుండా నడపాలంటే పగ్గాలు వ్యవస్థాపకుడి చేతిలోనే ఉండాలంటారు, గూగుల్ అలాగే ఎదిగిందంటారు. ఎదిగింది, కాదనను. స్టాక్ మార్కెట్‌ని అదుపుచేసే సెబీ కూడా 2019లో టెక్ కంపెనీలకు పదింతల ఓట్ల దాకా అనుమతిచ్చి ఐదేళ్ల గడువు, ఇంకో ఐదేళ్ల పొడిగింపు పెట్టింది. కంపెనీని ముంచడానికి అంత కాలం అక్కర్లేదు.

మన హైదరాబాద్ ఐటీ కంపెనీ సత్యం సంగతి మనం మరిచిపోతే ఎలా? 2008 డిసెంబర్ 16న ఆ బోర్డు, ప్రమోటర్, అంటే వ్యవస్థాపకుడు రామలింగరాజు, కుటుంబానివే అయిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొంటామంది. ఇన్వెస్టర్లు భగ్గుమన్నారు, న్యూయార్క్‌లో షేరు సగానికి పైగా పడింది, గంటల్లోనే డీల్ రద్దయింది. మూడు వారాలకు రామలింగరాజు లేఖ బయటికొచ్చింది, లెక్కల్లో దొంగగా రాసిన లేని ఆస్తుల చోట నిజమైనవి చూపేందుకు చేసిన చివరి ప్రయత్నమే ఆ డీల్ అని అందులోనే ఉంది. ఆ ఏడాది ప్రమోటర్ల వాటా 8 శాతం అటూఇటూ. దానికే పదింతల ఓట్లుండి ఉంటే 46 శాతం ఓట్లు వాళ్లవే అయ్యేవి, ఎవరెంత అరిచినా బోర్డు అంత తొందరగా దిగొచ్చేది కాదు.

ఇదంతా బొంబాయి, అమెరికా గొడవ అనుకోవద్దు. మన తెలంగాణ సింగిల్ విండోల్లో, అంటే ఊళ్లలో రైతుల సహకార సొసైటీల్లో, ఎకరం రైతుకైనా నలభై ఎకరాల ఆసామికైనా ఒకటే ఓటు, ఇంతకంటే మంచి సూత్రం స్టాక్ మార్కెట్‌లో నాకు కనబడలేదు. పంట రుణంలోంచే వాటాధనం పట్టుకుంటారు కాబట్టి ఆ రైతే సొసైటీ యజమాని. అయినా 2020 ఫిబ్రవరిలో గెలిచిన పాలకవర్గాల గడువు 2025లో తీరితే, ఎన్నికలు పెట్టకుండా పొడిగించారు. ఆ వానాకాలం యూరియా కోసం చెప్పులు లైన్లో పెట్టి ఎదురుచూసిన రైతుకి, చైర్మన్‌ని మార్చే ఓటు మాత్రం దక్కలేదు.

సెబీ ఆ పదింతల ఓట్ల మినహాయింపు ఎత్తేయాలి. సొసైటీ ఎన్నికలు ఇష్టమొచ్చినప్పుడు వాయిదా వేసే వీలు ప్రభుత్వాలకు ఉండకూడదు. ఈలోగా షేర్‌హోల్డర్ల వార్షిక సమావేశం, అదే ఏజీఎం, ఈ-ఓటింగ్ మెయిల్ వస్తే డిలీట్ చేయకండి, ఓటీపీ కొట్టి లోపలికెళ్లి, ప్రమోటర్ జీతం పెంచే తీర్మానం దగ్గర ఆగి చదివి ఓటేయండి.