జేబులో మల్టీటూల్‌కి అభివృద్ధి పనులు

మల్టీటూల్‌ని పనులు చేసుకోవడానికి కొంటారని ఇంకా నమ్మేవాళ్ళు ఉన్నారు. వాళ్ళని చూస్తే జాలేస్తుంది. వేలెడంత లేని వస్తువులో కత్తి, కత్తెర, ప్లయర్స్, స్క్రూడ్రైవరు, ఆకురాయి అన్నీ కుక్కి మన చేతికిచ్చారంటే, ఇక నువ్వు దీన్ని బాగుచెయ్యి నాయనా అనే కదా. చరిత్ర కూడా మన వైపే ఉంది. 1975లో టిమ్ లెదర్‌మన్ అనే అమెరికన్ ఇంజనీరు భార్యతో కలిసి పాత ఫియట్ కారులో యూరప్ తిరుగుతూ, అది మొరాయించినప్పుడల్లా జేబులో మడతకత్తితో కుస్తీ పడుతూ, దీనికి ప్లయర్స్ కూడా ఉంటే ఎంత బాగుండునో అనుకున్నాడు. ఊరికే అనుకుని వదిలేయక ఇంటికెళ్ళి తయారీ మొదలుపెట్టాడు, అది బజారులోకి వచ్చేసరికి 1983 అయింది. ఈ వంశానికి మూలపురుషుడే ఉన్న కత్తి చాలక ఎనిమిదేళ్ళు దాన్ని పట్టుకు వేలాడినవాడు. మరి మనం ఒక్క ఆదివారం తలుపేసుకుని కూర్చుంటే ఇంట్లోవాళ్ళు అలా చూస్తారెందుకు?

అభివృద్ధికి మొదటి మెట్టు విప్పడం. ఇక్కడే కంపెనీల దూరదృష్టికి దండం పెట్టాలి. నాలుగైదు రకాల స్క్రూలు తిప్పగల ఈ వస్తువు తిప్పలేని స్క్రూ ఒకటుంది, అది దాని ఒంటికే బిగించి ఉంటుంది. చాలా మోడళ్ళకి సెక్యూరిటీ టార్క్స్ స్క్రూలు, అంటే నక్షత్రం ఆకారంలో గుంట, దాని నడుమ చిన్న పొడుపు. మామూలు స్క్రూడ్రైవరు బిట్టు దిగనే దిగదు. కాబట్టి అన్ని పనిముట్ల బదులు ఒక్కటి చాలని కొన్న మనిషి, ఆ ఒక్కదాన్ని విప్పడానికి ఒక బిట్ల సెట్టు కొంటాడు. స్విస్ మడతకత్తులు చేసే విక్టోరినాక్స్ వాళ్ళ కత్తులకైతే అసలు స్క్రూలే ఉండవు, లోపలున్నవన్నీ సుత్తిదెబ్బతో తల అణగ్గొట్టిన పిన్నుల మీద నిలబడతాయి. లోపలికి వెళ్ళాలంటే డ్రిల్లుతో ఆ పిన్నులు తొలిచెయ్యాలి. దారి లేని చోట దారి వెయ్యడమేగా అభివృద్ధి.

విప్పాక కథ రసపట్టులో పడుతుంది. పొరపొరకీ మధ్య కాగితమంత పల్చటి ఇత్తడి రంగు వాషర్లు నూనెకి అతుక్కుని ఉంటాయి, గమనించకుండా ఒకటి ఎత్తితే దాని వెనకే ఇంకోటి వచ్చేస్తుంది, ఏది ఎటు పక్కదో ఇక దేవుడికే తెలియాలి. కత్తెర స్ప్రింగు మాత్రం ఎవరికోసమూ ఆగదు. టప్పున ఎగిరి బీరువా కిందికి వెళ్ళిపోతుంది. తిరిగి బిగించేటప్పుడు స్క్రూ రవ్వంత ఎక్కువ తిప్పితే కత్తి బయటికి రాదు, గోరు విరుగుతుంది. రవ్వంత తక్కువైతే కత్తి పక్కలకి ఊగుతుంది. సరిగ్గా కుదిరిన ఆ ఒక్క చోట స్క్రూ వదులవకుండా పట్టి ఉంచే జిగురు, నీలం లాక్‌టైట్, ఒక చుక్క వెయ్యాలి, మళ్ళీ విప్పుకోవడానికి వీలైనది అదే. పొరపాటున ఎరుపు వేశారా, దాన్ని వదిలించాలంటే బాగా వేడి చెయ్యాలి, అప్పుడు ప్లాస్టిక్ పిడి వంతు వస్తుంది.

పిడి ఎలాగూ మార్చాల్సిందే. విక్టోరినాక్స్ వాళ్ళ 58 మిల్లీమీటర్ల చిన్న కత్తి మొత్తం బరువు సుమారు 21 గ్రాములు, జేబులో ఉందో లేదో తెలియదు, అదే దాని లోపం. ప్లాస్టిక్ రేకులు పీకేసి ఇత్తడివి వేస్తే, అదే పరిమాణానికి ఏడింతలు బరువు. చేతికి నిండుగా ఉంటుంది. తర్వాత నాలుగు రోజులకి ప్యాంటు ఒక పక్కకి జారుతోందని, బరువు తగ్గించే పథకం కింద లోపలి రేకులకి వరసగా చిల్లులు పొడుస్తారు. (చిల్లుల అంచులు నున్నగా చెయ్యడానికి ఇంకో ఆకురాయి.) మరికొందరు పిడిలో గాడి చెక్కి ట్రిటియం అనే రేడియోధార్మిక వాయువు నింపిన చిన్న గొట్టం పొదుగుతారు, చీకట్లో మెరుస్తుంది. దాని అర్ధాయుష్షు, అంటే ఉన్నది సగమయ్యే కాలం, 12.3 ఏళ్ళు. ఎంత మెరిసినా ఉండేది జేబులో కదా అని అడిగేవాళ్ళకి సౌందర్య దృష్టి లేదనుకోవాలి.

ఇక గ్రైండరు భక్తులు. ప్లయర్స్ మూతి లావుగా ఉందని, సన్నటి చోట్లకి పోదని, దాన్ని అరగదీస్తారు. రెండు క్షణాలు ఆనించి నీళ్ళలో ముంచాలి, మళ్ళీ ఆనించాలి. అంత ఓపికే ఉంటే ఈ వ్యాపకంలోకి ఎందుకొస్తారు? ఉక్కు ముందు గడ్డి రంగుకి, తర్వాత నీలానికి తిరుగుతుంది. ఆ నీలం చూసి అందంగా ఉందని మురిసిపోతారు గానీ అది ఉక్కు గట్టిదనం పోయిన జాడ, అక్కడ లోహం మెత్తబడింది. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఇప్పుడా మూతి సన్నటి చోటికి చక్కగా పోతుంది, అక్కడ తీగ పట్టుకుని లాగితే వంగిపోతుంది.

లెదర్‌మన్ కంపెనీ 25 ఏళ్ళ వారంటీ ఇస్తుంది, మార్పులు చేసినవాటికి వర్తించదని కూడా చెబుతుంది. పాతికేళ్ళ బాంధవ్యం ఒక్క సాయంత్రంలో తెగిపోతుంది. పోనీలెండి, అభివృద్ధి అన్నాక కొందరు నిర్వాసితులు కాక తప్పదు.

అన్నీ అయ్యాక ఎవరో ఒకరు వచ్చి పార్సిల్ టేపు కొయ్యాలి, ఒకసారి ఆ కత్తి ఇస్తారా అంటారు. ఎలా ఇస్తాం? గీతలు పడవూ? టేపు జిగురు అంటుకోదూ? వంటింట్లోంచి చాకు తెచ్చి ఇస్తాం.

అందుకే ఈ రంగంలో తలపండినవాళ్ళు ఎప్పుడూ రెండు కొనమంటారు. ఒకటి అభివృద్ధికి, ఒకటి వాడకానికి. రెండోదాని మీద చెయ్యి వెయ్యకూడదు, కంపెనీ ఎలా ఇచ్చిందో అలాగే ఉండాలి. నేనూ దానికి కట్టుబడే ఉన్నాను. జేబుకి తగిలించే ఆ క్లిప్పు ఒక్కటీ ఎడమ పక్కకి ఉంటే మాత్రం కాస్త బాగుండేది, రెండు చిల్లుల పనే.