మామ్మగారి మానిటర్
సత్యనారాయణపురంలో మేముండే ఇంట్లో నాలుగు వాటాలు, ఒకటే బోరు, ఒకటే మోటారు. ఆ మోటారు స్విచ్చి ఓనరు మామ్మగారి వంటింట్లో ఉంటుంది. ఈ సంగతి అర్థమైనవాళ్లకి యునిక్స్ సర్వర్ని, అంటే ఆఫీసులో ఉండే పెద్ద కంప్యూటర్ని, వాటాలేసే విద్య సగం వచ్చేసినట్టే. మిగతా సగానికి నాకు జీతమిస్తున్నారు.

హెచ్‌పీ కంపెనీ యునిక్స్ అయిన హెచ్‌పీ-యూఎక్స్‌లో ఈ వాటాల పేరు వీపార్, అంటే వర్చువల్ పార్టిషన్. మా పాత వెర్షన్లో మిషన్ ఆన్ చేస్తే సిస్టమ్‌కి గుండెకాయలాంటి కెర్నల్ కంటే ముందు వీపీమాన్ అనే మానిటర్ లేచి కూర్చుంటుంది. (మామ్మగారూ అంతే, నాలుగున్నరకి.) దాని దగ్గర ‘వీపార్‌లోడ్ ఆల్’ అని కొడితే వాటాలన్నీ వరసగా లేస్తాయి. ఇక ఏ వాటాలో కూర్చునైనా ‘వీపార్‌స్టేటస్’ కొట్టి ఇరుగుపొరుగు సంగతి చూడొచ్చు: ఎవరు అప్, ఎవరు డౌన్, ఎవరు క్రాష్, ఎవరు హంగ్. మా మూడో వాటా బాబాయిగారు రిటైరైన దగ్గర్నుంచీ హంగే.

అదే కమాండుకి పెద్ద ‘ఏ’ తగిలిస్తే ఎవరికీ ఇవ్వకుండా మిగిలిన సీపీయూలు, మెమరీ చూపిస్తుంది. నా సర్వీసులో అక్కడ ఒక్క సీపీయూ మిగిలుండగా చూసిన పాపాన పోలేదు. వాటా పుట్టిన రోజే "ముందు ముందు పనికొస్తాయండీ" అని ఊడ్చుకుపోతారు. ఓ నెలాఖరున బిల్లింగు వాటా ఊపిరాడక కొట్టుకుంటోంది. పక్కనే టెస్టింగు వాటాలో నాలుగు సీపీయూలు గోళ్లు గిల్లుకుంటున్నాయి. వాటాని లేపే బూట్ సీపీయూ జోలికి పోకుండా మిగతావాటిలో ఒకదాన్ని ‘వీపార్‌మాడిఫై’తో అక్కడ తీసి ఇక్కడ పెట్టడానికి రీబూట్ కూడా అక్కర్లేదు, రెండు లైన్ల పని. ఆ రెండు లైన్ల కోసం పదకొండు మెయిళ్లు, రెండు మీటింగులు. చివరికి టెస్టింగు మేనేజరుగారు మెత్తబడి, "ఇస్తాం గానీ, మళ్లీ ఎప్పుడిస్తారో రాసివ్వండి" అన్నారు. పెళ్లికి గుండిగ అరువిచ్చినట్టు!

మెమరీ అయితే అడగలేదు. మా వెర్షన్లో దాన్ని మార్చాలంటే వాటాని మొత్తం దించాలి, అంటే ఆపెయ్యాలి. దించమంటే ఎవరు దించుతారు?

2025 డిసెంబరు 31తో హెచ్‌పీ-యూఎక్స్‌కి కంపెనీవాళ్ల స్టాండర్డ్ సపోర్టే అయిపోయింది. ఆ సీపీయూ కదల్లేదు.

ఇదంతా మామ్మగారికి చెప్పుకుని వాపోయాను. బియ్యంలో రాళ్లేరుతూ శ్రద్ధగా విన్నారు.

"ఆ నాలుగూ ఊరికే కూచుంటే, కరెంటు బిల్లు ఎవరి పేరున వస్తుంది నాయనా?"

"కంపెనీ పేరునే మామ్మగారూ."

"అందుకే" అని, లేచెళ్లి మోటారు కట్టేశారు. నా బక్కెట్టు సగమే నిండింది.