డిపాజిట్ మీది, రుజువు చేయాల్సింది వాళ్లు

ఇంగ్లండ్‌లో అద్దె ఇల్లు ఖాళీ చేసి తాళాలు అప్పగించాక, ఓనర్ తరఫున ఇల్లు అద్దెకిచ్చే లెట్టింగ్ ఏజెన్సీ నుంచి ఒక ఈమెయిల్ వస్తుంది. క్లీనింగ్‌కు ఇంత, కార్పెట్‌కు ఇంత, గోడల రంగుకు ఇంత, అన్నీ పోను డిపాజిట్‌లో మీకు మిగిలేది ఇంత అని అందులో ఉంటుంది. చాలామంది దాన్ని తీర్పులా చదివి, కాసేపు బాధపడి, సరేనని జవాబిచ్చేస్తారు. నిజానికి అది అవతలి పక్షం అడుగుతున్న మొత్తం మాత్రమే. మీరు ఒప్పుకోనంత వరకు దానికి విలువ లేదు.

ఏజెన్సీకి డబ్బిచ్చేది ఓనర్. అద్దెదారుతో మర్యాదగా మాట్లాడినా వాళ్లు పనిచేసేది ఓనర్ కోసమే. ఇందులో తప్పేమీ లేదు, వాళ్ల వ్యాపారం అది. చిక్కల్లా మనం వాళ్లను పెద్దమనుషులుగా భావించి ఫోన్‌లో బతిమాలుకోవడంలో ఉంది. ఆఫీసులో ఒకరు చూస్తామంటారు, వారం తర్వాత ఇంకొకరు ఆ సంగతే తెలియదంటారు, చివరికి ఓనర్ ఒప్పుకోలేదని ఒక ముక్క రాసి ముగించేస్తారు. ఫోన్‌లో అన్న మాటకు సాక్ష్యం ఉండదు. అందుకే ఏ మాటైనా ఈమెయిల్‌లోనే నడపాలి. ఫోన్‌లో మాట్లాడక తప్పకపోతే, ఆ వెంటనే 'మనం ఇలా అనుకున్నాం' అని రెండు లైన్లు రాసి పంపాలి.

డిపాజిట్ విషయంలో చట్టం అద్దెదారుకు ఎంత బలం ఇచ్చిందో చాలామందికి తెలియదు. 2007 ఏప్రిల్ నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లో సాధారణ ప్రైవేటు అద్దెల డిపాజిట్లన్నీ ప్రభుత్వం ఆమోదించిన స్కీమ్‌లో రక్షణ పొందాలి. అలాంటివి మూడే ఉన్నాయి: డిపాజిట్ ప్రొటెక్షన్ సర్వీస్, మైడిపాజిట్స్, టెనెన్సీ డిపాజిట్ స్కీమ్. డబ్బు అందిన 30 రోజుల్లో దానికి రక్షణ కల్పించి, ఆ వివరాలు అద్దెదారుకు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇవ్వకపోతే డిపాజిట్‌కు ఒకటి నుంచి మూడు రెట్ల వరకు పరిహారం చెల్లించమని కోర్టు ఆదేశించవచ్చు. కాబట్టి గొడవ మొదలైన రోజు చేయాల్సిన మొదటి పని ఏజెన్సీకి ఫోన్ చేయడం కాదు. మూడు స్కీమ్‌ల వెబ్‌సైట్లలో మీ డిపాజిట్ ఎక్కడుందో వెతకడం. ఎక్కడా కనబడకపోతే వాళ్లు వేసిన కార్పెట్ లెక్క సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు జవాబు చెప్పుకోవాల్సింది వాళ్లే.

కోతల మీద రెండు పక్షాలకూ కుదరకపోతే స్కీమ్‌లోనే ఉచితంగా తీర్పు కోరవచ్చు. దీనికి ఇరుపక్షాలూ ఒప్పుకోవాలి. తీర్పరి ఇల్లు చూడటానికి రారు, ఎవరినీ పిలిచి విచారించరు. కాగితాలు, ఫొటోలు చూసి తేలుస్తారు. అసలు సంగతి ఇక్కడే ఉంది. డిపాజిట్ అద్దెదారు సొమ్ము అన్న లెక్కతోనే తీర్పరి మొదలుపెడతారు. అందులోంచి కోత ఎందుకు న్యాయమో చూపాల్సిన భారం ఓనర్ పక్షానిది. ఇంట్లో చేరినప్పుడు తీసిన ఇన్వెంటరీ (ఇల్లు, సామాను ఏ స్థితిలో ఉన్నాయో రాసిన జాబితా) లేకుండా, ఖాళీ చేసేటప్పుడు మాత్రమే ఫొటోలు తీసిన ఏజెన్సీ ఈ పరీక్షలో నిలబడటం కష్టం. మరక పడిందనడానికి ఫొటో ఉంటుంది, అది మీరు రాకముందు లేదనడానికి ఏముంది?

ఒకవేళ నష్టం మీ వల్లే జరిగినా కొత్త వస్తువు ధర మొత్తం ఇవ్వనక్కర్లేదు. మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదలను అద్దెదారు మీద వేయకూడదు, పాతదానికి బదులు కొత్తది తెచ్చుకుని ఓనర్ లాభపడకూడదు. ఉదాహరణకు పదేళ్లు మన్నే కార్పెట్ 400 పౌండ్లు అనుకుందాం. మీరు చేరేనాటికి దానికి ఐదేళ్లు, మీరు ఉన్నది మూడేళ్లు. ఇక మిగిలింది రెండేళ్ల ఆయుష్షే కాబట్టి, కార్పెట్ పూర్తిగా పాడైనా సబబైన కోత 80 పౌండ్ల దగ్గర ఉంటుంది. ఏజెన్సీ బిల్లులో మాత్రం 400 అనే ఉంటుంది. ఈ లెక్క వేసి ఒక్క ఈమెయిల్ పంపితే చాలా బేరాలు స్కీమ్ దాకా వెళ్లకుండానే దిగివస్తాయి.

ఫీజుల దారి వేరు. 2019 జూన్ 1 నుంచి అమల్లో ఉన్న టెనెంట్ ఫీజ్ యాక్ట్ ప్రకారం రిఫరెన్స్ చెకింగ్ (అద్దెదారు గురించి వాకబు), అగ్రిమెంట్ రాయడం, చెక్‌అవుట్ (ఖాళీ చేసేటప్పుడు ఇంటి తనిఖీ) లాంటి వాటికి అద్దెదారు నుంచి వసూలు చేయకూడదు. ప్రొఫెషనల్ క్లీనింగ్‌కు డబ్బు కట్టి తీరాలని షరతు పెట్టడం కూడా కుదరదు. చేరినప్పుడు ఇల్లు ఎంత శుభ్రంగా ఉందో అంత శుభ్రంగా అప్పగిస్తే చాలు. ఏడాది అద్దె 50,000 పౌండ్ల లోపు ఉంటే డిపాజిట్ ఐదు వారాల అద్దె దాటకూడదు. నెలకు 1,300 పౌండ్ల ఇంటికి గరిష్ఠం 1,500 పౌండ్లన్నమాట.

ఏజెన్సీ ప్రవర్తన మీద, ఆలస్యాల మీద, తప్పుడు సమాచారం మీద ఫిర్యాదైతే వెళ్లాల్సిన చోటు ఇంకొకటి. 2014 అక్టోబర్ నుంచి ఇంగ్లండ్‌లో ప్రతి లెట్టింగ్ ఏజెన్సీ ఆమోదం పొందిన ఫిర్యాదుల పరిష్కార స్కీమ్‌లో సభ్యత్వం తీసుకోవాలి. ముందు ఏజెన్సీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి ఎనిమిది వారాలు చూడాలి. అప్పటికీ తేలకపోతే ప్రాపర్టీ అంబుడ్స్‌మన్‌కో, ప్రాపర్టీ రెడ్రెస్‌కో, ఆ ఏజెన్సీ ఎందులో ఉంటే అక్కడికి వెళ్లాలి. ఇక బూజు, హీటర్ మరమ్మతులంటే స్థానిక కౌన్సిల్ దగ్గరికి. ఒకే ఇంటి గొడవకు ఇన్ని గుమ్మాలు ఎక్కించే ఏర్పాటు నాకు నచ్చదు. దారి తెలియని అద్దెదారు మధ్యలోనే విసిగి వదిలేస్తాడు, ఆ విసుగు ఏజెన్సీకి కలిసొస్తుంది.

కొందరు ఇంకో ఉపాయం చెబుతారు: డిపాజిట్ ఎలాగూ రాదు కాబట్టి ఆఖరి నెల అద్దె ఎగ్గొట్టేయమని. ఇది చెడ్డ సలహా. అప్పటిదాకా మీ వైపున్న న్యాయం బాకీ కింద మారిపోతుంది. తర్వాతి ఇంటికి కావాల్సిన రిఫరెన్స్ కూడా ఆ ఏజెన్సీ చేతిలోనే ఉంటుంది.

షేరింగ్ ఇళ్లలో మరో చిక్కుంది. ఒకరు వెళ్లిపోతూ తన వాటా డిపాజిట్‌ను కొత్తగా వచ్చినవాడి దగ్గర తీసుకుంటాడు. స్కీమ్‌లో మాత్రం పాత పేరే ఉండిపోతుంది. రెండేళ్ల తర్వాత కోతల గొడవ వచ్చేసరికి, పేరున్నవాడు వేరే ఊళ్లో ఉంటాడు, డబ్బు పెట్టినవాడికి స్కీమ్‌తో సంబంధమే ఉండదు. మనిషి మారిన రోజే అగ్రిమెంట్‌లో, స్కీమ్‌లో పేరు మార్పించుకోవాలి. ఆ మార్పుకు ఏజెన్సీ మామూలుగా 50 పౌండ్ల వరకు తీసుకోవచ్చు. ఇది చట్టం అనుమతించిన ఫీజే, ఇక్కడ పిసినారితనం పనికిరాదు.

ఇన్ని హక్కులున్నా ఇంట్లో ఉండగా నోరెత్తడానికి జనం ఇన్నాళ్లూ భయపడటానికి పెద్ద కారణం సెక్షన్ 21 నోటీసు. కారణం చెప్పకుండానే ఖాళీ చేయమనే వీలు ఓనర్‌కు ఉన్నప్పుడు, హీటర్ పనిచేయడం లేదని గట్టిగా అడిగేదెవరు? 2025లో వచ్చిన రెంటర్స్ రైట్స్ యాక్ట్ ఈ నోటీసును తీసేసింది. ప్రైవేటు అద్దెలకు ఆ మార్పు అమలు తేదీ 2026 మే 1. ఓనర్లకు కూడా అంబుడ్స్‌మన్ ఉండాలని అదే చట్టం చెబుతోంది, అయితే ఆ ఏర్పాటు మే 1తోనే మొదలు కాదు. అది వచ్చేదాకా అంబుడ్స్‌మన్ ముందు నిలబెట్టగలిగేది ఏజెన్సీని, సొంతంగా చేరిన కొద్దిమంది ఓనర్లను మాత్రమే. మిగతా ఓనర్ల మీద ఫిర్యాదు ఉంటే కౌన్సిల్, కోర్టుల దారే.