రైతుల న్యూస్‌లెటర్: తెలుగు అక్షరానికి ఇంగ్లీషు కొలతలు ఎందుకు?

ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల రైతుకైనా, కొండపి, పొదిలి చుట్టుపక్కల పొగాకు రైతుకైనా నెలనెలా నాలుగు పేజీల న్యూస్‌లెటర్ అందితే ఎంతో మేలు. కానీ పంచిన కాగితం చదవకుండానే మడతపడిపోతే రైతుకు ఆసక్తి లేదని తేల్చేస్తాం. లోపం చాలాసార్లు పేజీలోనే ఉంటుంది. ఇంగ్లీషు కోసం కుదిర్చిన కొలతల్లో తెలుగును ఇరికిస్తున్నాం.

పేజీ కట్టే సాఫ్ట్‌వేర్‌లో మనం మార్చకపోతే, వరుసకూ వరుసకూ మధ్య దూరం అక్షరం సైజుకు 120 శాతం ఉంటుంది. అచ్చులో సైజును కొలిచే పాయింట్లలో చెప్పాలంటే, 10 పాయింట్ల అక్షరానికి 12 పాయింట్లన్నమాట. ఇంగ్లీషుకు అది చాలు. తెలుగుకు పైన గుడి, ఏత్వం ఉన్నాయి, కింద వత్తులున్నాయి. పై వరుసలో ‘లక్ష్మి’ కింద వేలాడే మావత్తు కింది వరుసలో ‘నీటి’ గుడిని తాకుతుంది. కన్ను అక్కడే తడబడుతుంది. అందుకే 12 పాయింట్ల అక్షరానికి 17 లేక 18 పాయింట్ల వరుస ఇవ్వాలి. ఒకే 12 పాయింట్లలో ఒక ఫాంటు పెద్దగా, మరొకటి చిన్నగా కనబడుతుంది కనుక తెర మీద చూసి ఖాయం చేయకూడదు. ఒక పేరా అచ్చుతీసి, చత్వారం వచ్చిన మనిషి చేత చదివించాలి.

ఇంత చోటిస్తే విషయం పట్టదని డీటీపీ సెంటర్లో అంటారు. లెక్క వేసి చూద్దాం. ఏ4 కాగితానికి చుట్టూ 15 మిల్లీమీటర్ల అంచు, రెండు కాలమ్‌ల మధ్య 6 మిల్లీమీటర్లు వదిలితే ఒక్కో కాలమ్ 87 మిల్లీమీటర్లు వస్తుంది. వరుసకు ఐదారు మాటలు, కాలమ్‌కు 42 వరుసలు. శీర్షికలు, ఒక ఫోటో, ఒక పట్టిక పోగా పేజీకి సుమారు 300 మాటలు మిగులుతాయి. నాలుగు పేజీలకు 1200. రాసేవారికి ఈ అంకె ముందే చెప్పాలి. 2000 మాటలు తీసుకుని, అక్షరాన్ని అడ్డంగా 85 శాతానికి నొక్కి పట్టించడం చదివేవారికి చేసే అన్యాయం. మూడు కాలమ్‌లూ వద్దు. మన మాటలు పొడవు. సన్నటి కాలమ్‌లో రెండు అంచులూ సమం చేస్తే (జస్టిఫై) మాటల మధ్య గుంతలు పడతాయి. రెండు కాలమ్‌లు, ఎడమ అంచు మాత్రమే సమంగా ఉంటే చాలు.

మొదటి పేజీ సగం నాయకుల ఫోటోలకు, అభినందనలకు పోవడం మరో నష్టం. వాటిని నాలుగో పేజీకి పంపాలి. మొదటి పేజీ పైన ఆ నెల రైతు చేయాల్సిన పని ఉండాలి. ‘ఆక్వా రైతులకు సూచనలు’ అన్న శీర్షిక ఏమీ చెప్పదు. ‘తెల్లవారుజామున గుంటలో ఆక్సిజన్ లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గనివ్వకండి’ అంటే శీర్షిక చదివినవాడికైనా పని జరుగుతుంది. రొయ్యల ధరల పట్టికలో కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు) ఎడమ వైపు, ధర కుడి అంచుకు ఆనించి ఉండాలి. అప్పుడే అంకెలు ఒకదాని కింద ఒకటి పడి, పోల్చుకోవడం తేలికవుతుంది. ఆ ధర ఏ రోజుదో పట్టిక నెత్తినే వేయాలి. తేదీ లేని ధర రైతును మోసం చేస్తుంది.

పాఠం నలుపులోనే ఉండాలి. ముదురు రంగు మీద తెల్ల అక్షరాలు వేస్తే, ఆఫ్‌సెట్‌లో రంగుల ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా సన్నని గీతలు పూడిపోతాయి. కాలమ్ వెడల్పు ఫోటోకు కనీసం 1000 పిక్సెళ్లు కావాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో కుదించుకుపోతుంది కనుక, డాక్యుమెంట్‌గా పంపమనాలి.

ఫాంటు యూనికోడ్‌దే, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ గుర్తించే అక్షర పద్ధతిదే అయితే మంచిది. మండలి, నోటో సాన్స్ తెలుగు ఉచితంగా దొరుకుతాయి. పాత అను ఫాంట్లలో కట్టిన పాఠాన్ని కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే పిచ్చి గీతలు వస్తాయి. పేజీలు కట్టే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్ వాడితే వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ ఎంచుకోవాలి. లేకుంటే వత్తులు విడిపోతాయి.

అచ్చు పీడీఎఫ్‌నే గ్రూపుల్లో పెట్టడం మాత్రం మానుకోవాలి. 210 మిల్లీమీటర్ల పేజీ 70 మిల్లీమీటర్ల ఫోన్ తెరకు కుదించుకుపోతే 12 పాయింట్ల అక్షరం 4 పాయింట్లవుతుంది. గట్టు మీద ఎండలో నిలబడి దాన్ని ఎవరు చదవగలరు? ఫోన్ కోసం 90 మిల్లీమీటర్ల వెడల్పుతో, ఒకే కాలమ్‌తో, 15 పాయింట్ల అక్షరంతో వేరే పేజీ కట్టాలి. పాఠం సిద్ధంగా ఉంటే అది ఒక పూట పని.